కిటికీ ఉన్న కెమెరా

ముత్తంగి దాటాక హైవే పక్కన, లారీ కింద పడిన మనిషికి ఫోటోలు తీస్తుండగా నాగేశ్వర్ చేతిలోంచి కెమెరా జారి ఇసుకలో పడింది. తుడిచి మళ్లీ బటన్ నొక్కితే లెన్సు సగం దాకా బయటికొచ్చి, కరకరమని చప్పుడు చేసి అక్కడే ఆగిపోయింది. పద్నాలుగేళ్లు పనిచేసిన కెమెరా అది. పక్కన నిలబడి పంచనామా రాస్తున్న హెడ్ కానిస్టేబుల్ కొమురయ్య తలెత్తి చూశాడు.

"పోయిందా? ఫోన్ ఉన్నది గదా, దాంతోని కొట్టు. ఎండల ఎంతసేపు నిలబడ్తం."

మిగిలిన నాలుగు ఫోటోలు నాగేశ్వర్ ఫోన్‌తోనే తీశాడు. తీస్తున్నంతసేపూ చేతులు వణికాయి.

అతని పనే అది. పటాన్‌చెరు మార్కెట్లో కిరాణా దుకాణం వాళ్ల రెండో కొడుకు. అన్న దుకాణం చూసుకుంటే ఇతను ఫోటో స్టూడియో పెట్టాడు. పెళ్లిళ్లు, బారసాలలు, కంపెనీల గేటు పాసులకు కూలీల ఫోటోలు. ఆ కూలీల పేర్లు రాసుకుంటూ హిందీ చదవడం, మాట్లాడడం కూడా నేర్చుకున్నాడు. కొన్నేళ్లు బాగానే నడిచింది. తర్వాత అందరి చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి, స్టూడియో గుమ్మం తొక్కేవాళ్లు తగ్గిపోయారు. చివరికి మిగిలింది స్టేషన్ పని ఒక్కటే. రోడ్డు మీద పోయినవాళ్లు, పట్టాల మీద పోయినవాళ్లు, చెరువులో తేలినవాళ్లు, మిషన్లో చిక్కుకున్నవాళ్లు. ఎవరు పోయినా పంచనామాకు ఫోటోలు కావాలి. స్టూడియో షట్టర్ దించేశాక కూడా ఆ పిలుపు మాత్రం ఆగలేదు.

అట్లా పోయి వచ్చిన రోజు అతను నేరుగా ఇంట్లోకి రాడు. పెరట్లో బాత్రూం ముందు భార్య కమల వేడినీళ్ల బకెట్, ఉతికిన లుంగీ పెట్టి ఉంచుతుంది. ఎవరు పోయారని అడగదు. స్నానం చేసి వచ్చాక చాయ్ ఇస్తుంది. ఇద్దరూ టీవీ ముందు కూర్చుంటారు. ఇన్నేళ్లుగా అది వాళ్లకు అలవాటైపోయింది.

కెమెరా పోయాక రెండు నెలలు ఫోన్‌తోనే నెట్టుకొచ్చాడు. ఆ రెండు నెలలూ అతనికి నిద్ర సరిగా పట్టలేదు. పాత కెమెరాకు మూలన వేలి గోరంత గాజు కిటికీ ఉండేది. దానికి కన్ను ఆనించి, రెండో కన్ను మూసుకుంటే లోపల మనిషి చిన్నగా, ఎక్కడో దూరంగా కనిపించేవాడు. చుట్టూ ఏడ్చేవాళ్లు, ఈగలు, రక్తం ఏవీ ఆ కిటికీలో పట్టేవి కావు. కెమెరాను నుదుటికి అదిమి పట్టుకుంటే చేయి కూడా వణికేది కాదు. ఫోన్ అట్లా కాదు. చేయి చాచి పట్టుకోవాలి. అరచేతంత తెర మీద ముఖం ముఖమంతా వెలుగుతుంది. తెర మీద ఒకసారి, తెర వెనక ఒకసారి, ఒక్క శవాన్ని రెండుసార్లు చూడాలి.

అయినా ఇంకొన్నాళ్లు ఓర్చుకునేవాడేమో. ఒక ఆదివారం బీరంగూడ నుంచి కూతురు రచన వచ్చింది. ఆమె నాలుగేళ్ల కూతురు నిషిత బొమ్మల వీడియోల కోసం తాత ఫోన్ పట్టుకుని మూలకు పోయింది. కొంతసేపటికి ఫోన్ ఎత్తి చూపించింది.

"తాతా, ఈయన ఎందుకు రోడ్డు మీద పండుకున్నడు?"

రచన ఫోన్ గుంజుకుని చూసింది. పాపను ఎత్తుకుని లోపలికి వెళ్లి, సాయంత్రం దాకా ఉంటానన్నది అన్నం తినగానే బయలుదేరింది. గేటు దగ్గర, "నాయినా, గవి వేరే దాంట్ల పెట్టుకోరాదా," అంది. అంతే.

మరునాడే నాగేశ్వర్ 218 బస్సెక్కి కోఠీ పోయాడు.

అతనికి కావలసిన కెమెరా ఎట్లా ఉండాలో అతనికి బాగా తెలుసు. జేబులో పట్టాలి. పెద్ద కెమెరా మెడలో కనిపిస్తే పేపరోడు వచ్చాడని చనిపోయినవాళ్ల బంధువులు మీదికొస్తారు, ఒకసారి దెబ్బలు కూడా తిన్నాడు. కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీవాళ్లు ఆపుతారు. ఇక రెండోది, కన్ను పెట్టి చూసే కిటికీ ఉండాలి. నాలుగు దుకాణాలు తిరిగాడు. నవ్వినవాళ్లే ఎక్కువ. "అంకుల్, ఇప్పుడు చిన్న కెమెరాలెవరు కొంటున్నరు?" అన్నాడొకడు. ఇంకొకడు ఆ కిటికీ, అంటే వ్యూఫైండర్, కావాలంటే పెద్ద కెమెరాలే చూపించాడు. ఐదో దుకాణంవాడు గల్లీ చివర మెట్లెక్కమన్నాడు. అక్కడ రాజారావు అనే పెద్దమనిషి పాత కెమెరాలు బాగుచేస్తాడట, అమ్ముతాడట.

రాజారావుకు డెబ్బై దాటి ఉంటాయి. కంటికి భూతద్దం తగిలించుకుని ఏదో చిన్న స్క్రూ తిప్పుతున్నాడు. నాగేశ్వర్ చెప్పిందంతా విని, బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి మూడు కెమెరాలు పెట్టాడు.

మొదటిది కొత్తది, పలచగా అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దగా ఉంది. వెనకంతా తెరే, కిటికీ లేదు. నాగేశ్వర్ దాన్ని ముట్టుకోలేదు.

రెండోదానికి పక్కన మీట నొక్కితే చిన్న కిటికీ పైకి లేచింది. నాగేశ్వర్ ఆశగా కన్ను ఆనించి, వెంటనే తీసేశాడు. లోపల గాజు లేదు, చిన్న టీవీ ఉంది. ఎదురుగా గోడ మీది క్యాలెండర్ ఉన్నదానికంటే వెలుగుగా, మేకు తుప్పుతో సహా కళ్లలోకి వచ్చి పడింది.

"ఇది మంచిది," అన్నాడు రాజారావు. "లెన్సు ఏం చూస్తే నీకు గదే కనిపిస్తది. మోసం లేదు."

"మరీ దగ్గరికి తెస్తున్నది సార్."

"దగ్గరికి తేవద్దా?"

నాగేశ్వర్ మూడోది తీసుకున్నాడు. నల్లగా, అంచులు అరిగి ఉంది. ఎవరో బాగుచేయమని ఇచ్చి మళ్లీ రాలేదట. మూలన గోరంత గాజు కిటికీ. కన్ను ఆనించి, కింద గల్లీలోకి చూశాడు. అరటిపండ్ల బండి, బేరమాడుతున్న ఆడవాళ్లు, స్కూటర్ మీద పోతున్న మనిషి. అందరూ చిన్నగా, చప్పుడు లేకుండా, ఎవరి బొమ్మలో వాళ్లున్నట్టున్నారు.

"గిది ఇయ్యండి."

"దేనికి వాడ్తవు?" రాజారావు భూతద్దం పైకి జరిపి అడిగాడు.

"ఫోటోలకే సార్."

"ఒక్క మాట యాదికుంచుకో. ఇది వట్టి కిటికీ. లెన్సు ఏం చూస్తున్నదో దీనికి తెల్వది. దూరంవి తీసినంతసేపు ఫికర్ లేదు. దగ్గరివి తీసినప్పుడు ఈ పువ్వు గుర్తు బటన్ నొక్కాలె. నొక్కకపోతే కిటికీల సాఫ్‌గా కనిపిస్తది గానీ ఫోటో మసక వస్తది. తీసినంక వెనక తెర మీద చూసుకో."

"తెర బంద్ పెట్టుకోవచ్చా?"

"పెట్టుకోవచ్చు. ఎందుకు మరి?"

"ఊకెనే," అన్నాడు నాగేశ్వర్. బస్సులో వస్తూ మొదట చేసిన పని తెర ఆపేయడమే.

వాన ఆగి ఆగి పడుతున్న రోజులు. ఒక పొద్దున కొమురయ్య ఫోన్ చేశాడు. భానూర్ వైపు కంపెనీల వెనక కుంటలో శవం తేలిందట. నాగేశ్వర్ వెళ్లేసరికి గట్టు మీదికి తెచ్చి పడుకోబెట్టారు. నీళ్లలో నాలుగైదు రోజులు నాని ఉంటుంది. ముఖం ముఖంలా లేదు. ప్యాంటు, చారల చొక్కా. జేబుల్లో ఏమీ లేవు.

నాగేశ్వర్ ముక్కుకు రుమాలు కట్టుకుని కన్ను కిటికీకి ఆనించాడు. చేయి వణకలేదు. నిలువుగా ఒకటి, రెండు పక్కల నుంచి రెండు, ముఖం రెండు. కొమురయ్య కర్రతో కుడిచేతిని తిప్పాడు.

"ఇగో, ఇక్కడ పచ్చబొట్టున్నది. హిందీల ఏందో రాసుకున్నడు. నాకు రాదాయె. దగ్గరికెల్లి కొట్టు."

నాగేశ్వర్ మోకాళ్ల మీద కూర్చుని దగ్గరికి వంగాడు. కిటికీలో ఉబ్బిన చేయి, దాని మీద పచ్చటి గీతలు కనిపించాయి. రెండుసార్లు నొక్కి లేచాడు. పువ్వు గుర్తు బటన్ అతనికి గుర్తే రాలేదు. కొమురయ్య కాగితం మీద 'కుడిచేతిపై హిందీ అక్షరాల పచ్చబొట్టు, ఫోటో చూడవలెను' అని రాసుకున్నాడు. శవాన్ని ఆసుపత్రి మార్చురీకి పంపించారు. ఇంటికొచ్చి నాగేశ్వర్ వేడినీళ్లతో స్నానం చేశాడు. ఆ రోజు చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు. కెమెరా మంచిదే దొరికిందనుకున్నాడు.

మరునాడు ల్యాబ్‌లో ప్రింట్లు చేతికొచ్చాయి. మొదటివన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరి రెండు చూసి అతను కౌంటర్ దగ్గరే ఆగిపోయాడు. చేతి వెనక గడ్డిపోచలు ఒక్కొక్కటి లెక్కపెట్టేటంత సాఫ్‌గా ఉన్నాయి. చేయి మాత్రం మసక. పచ్చబొట్టు ఉండవలసిన చోట తడికి కదిలిపోయిన సిరా మరకలాంటిది ఉంది.

శవం ఇంకా మార్చురీలోనే ఉంది. గుర్తు తెలియని శవమైతే మూడు రోజులు ఉంచుతారని అతనికి తెలుసు. బండి తీసి ఆసుపత్రి దాకా పోయాడు. మార్చురీ గది ముందు వేపచెట్టు కింద బండి ఆపి, కాసేపు దాని మీదే కూర్చున్నాడు. లోపలికి పోయి, కాపలా మనిషిని లేపి, డ్రాయర్ గుంజమని చెప్పి, ఆ చేతిని మళ్లీ తిప్పించాలి. ఈసారి తెర పెట్టుకుని చూడాలి, అక్షరం అక్షరం కనిపించిందో లేదో పెద్దగా చేసి మరీ చూసుకోవాలి. రేపు పొద్దున వద్దామనుకుని బండి తిప్పాడు. మరునాడు పొద్దున ఇస్నాపూర్‌లో ఇంకో యాక్సిడెంట్ అయింది. ఆ తర్వాతి రోజు మధ్యాహ్నానికి మున్సిపాలిటీవాళ్లు వచ్చి తీసుకుపోయారు, కాల్చేశారు. మసక ప్రింట్లు రెండూ అన్నిటికంటే కిందపెట్టి కవరు స్టేషన్లో ఇచ్చాడు. కొమురయ్య విప్పి చూడకుండానే ఫైల్లో పెట్టాడు.

పంతొమ్మిది రోజుల తర్వాత ఆమె వచ్చింది.

కొమురయ్య ఫోన్ చేసి, "బిహార్ నుంచి ఒకామె వచ్చింది, ఆ కుంటల శవం ఫోటో పెద్దగ ప్రింట్ తీయించుకొని రా," అన్నాడు. నాగేశ్వర్ తీయించుకుని పోయాడు.

ముప్ఫై ఏళ్లుంటాయేమో. పాపిట్లో పొడవుగా సిందూరం. స్టేషన్ వరండాలో బెంచీ చివర కూర్చుని ఉంది, వెంట ఎవరూ లేరు. భర్త ఆధార్ జిరాక్స్ ఒకటి చేతిలో నలిగిపోయి ఉంది. ఎనిమిది నెలల కింద పనికి వచ్చాడట, ఏదో కంపెనీలో కాంట్రాక్టర్ కింద. వానలు మొదలైనప్పటి నుంచి ఫోన్ కలవలేదట. కాంట్రాక్టర్‌ను అడిగితే మానేసి పోయాడన్నాడట.

నిలువు ఫోటో చూసింది. ముఖం ఫోటో చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎత్తు అంతే ఉంటాడంది. చొక్కా తెలియదంది, ఎనిమిది నెలల్లో కొత్తవి కొనుక్కుని ఉండొచ్చు.

"చేతి మీద పేరుంటుంది," అంది హిందీలో. "పెళ్లి కాకముందు మా ఊరి తిరునాళ్లలో పొడిపించుకున్నాడు. తన పేరే. అది చూపించండి, అది చాలు."

నాగేశ్వర్ పెద్ద ప్రింట్ ఇచ్చాడు. ఆమె దాన్ని దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది. వరండా అంచుకు పోయి వెలుగులో చూసింది. వేలితో ఆ మరక మీద గీతలు గీసి చూసింది. ఒకసారి "ఇది మొదటి అక్షరం లాగే ఉంది," అంది. మళ్లీ కాదంది. అట్లా ఎంతసేపో చూసి, ప్రింట్ దించి నాగేశ్వర్ వైపు తిరిగింది.

"ఫోటో తీసింది మీరే కదా? మీకు హిందీ వచ్చు కదా. ఏం రాసుంది?"

నాగేశ్వర్ నోరు తెరవకముందే కొమురయ్య అతన్ని భుజం పట్టుకుని పక్కకు తీసుకుపోయాడు.

"అవునను," అన్నాడు మెల్లగా. "గదే పేరున్నదను. ఆమెకు డెత్ సర్టిఫికెట్ అన్న వస్తది. కంపెనీవాళ్లను ఏమన్న అడుగుకుంటది. లేదంటే జిందగీ అంతా తిరుగుతనే ఉంటది, పాపం."

"వేరేటోడైతే?"

"అయితే గియితే ఎవరికేం తెలుస్తది? కాలిపోయిండు గదా."

కొమురయ్య చెడ్డవాడు కాదు. ఆ మాట జాలితోనే అన్నాడు. నాగేశ్వర్ కళ్లు మూసుకుని ఆ పొద్దును వెతికాడు. గట్టు, గడ్డి, ఉబ్బిన చేయి, పచ్చటి గీతలు. ఎన్ని అక్షరాలు? మూడా, ఐదా? పైన గీత ఉందా? చదవడం వచ్చిన మనిషి, జానెడు దూరంలో పెట్టుకుని చూసిన మనిషి, ఒక్క అక్షరం గుర్తు లేదు. చూడకుండా ఉండడానికే ఆ కిటికీకి కన్ను ఆనించాడు మరి.

ఆమె దగ్గరికి వచ్చి హిందీలో చెప్పాడు. "నేను చదవలేదమ్మా."

"ఫోటో తీసినవాళ్లు చూడలేదా?"

"చూడలేదు." అక్కడితో ఆపేయవచ్చు. కానీ ఆగలేకపోయాడు. "ఫోటో మసక వచ్చిందని మరునాడే తెలుసు. ఇంకా రెండు రోజులు శవం ఆసుపత్రిలోనే ఉంది. గేటు దాకా పోయాను. లోపలికి పోలేదు."

కొమురయ్య తల పట్టుకున్నాడు. ఆమె తిడుతుందని, కొడుతుందని నాగేశ్వర్ ఎదురుచూశాడు. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆమె చాలాసేపు అతని ముఖంలోకే చూసింది. తర్వాత అడిగింది.

"ఆ నీళ్లు లోతా?"

"మనిషెత్తు ఉంటుంది."

"అయితే ఆయన కాదు. ఆయనకు ఈత వచ్చు. మాది గంగ ఒడ్డు." ప్రింట్‌ను నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకుంది.

ఉండడానికి చోటు లేదని తెలిసి నాగేశ్వర్ ఆమెను ఇంటికి తీసుకొచ్చాడు. కమలకు వంటింట్లో నిలబడి అన్నీ చెప్పాడు. కమల బియ్యం కడుగుతూ విన్నది. చేయి ఆపి అతని వైపు చూసింది.

"ఇన్నేండ్ల నుంచి నీళ్లు కాగబెడుతున్న. ఇంకొక్కసారి కాగబెట్టకపోతుంటినా?"

ఆ మాటకు అతను గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. కమల లేపలేదు. అన్నం వండి ఆ బిడ్డకు పెట్టింది, తన చీర ఒకటిచ్చింది, పక్కన పడుకోబెట్టుకుంది.

నాలుగు రోజులు నాగేశ్వర్ ఆమెను బండి మీద ఎక్కించుకుని తిరిగాడు. కంపెనీల వెనక రేకుల రూములు, ఒక్కో రూములో ఎనిమిది మంది, తాళ్ల మీద ఆరేసిన ప్యాంట్లు, చారల చొక్కాలు. ఆధార్ కాగితం చూపిస్తే కొందరు తెలుసన్నారు, కొందరు తెలియదన్నారు. ఒకడు ఇద్దరు గొడవపడ్డారని విన్నానన్నాడు, ఎవరెవరో చెప్పలేకపోయాడు. ఇంకొకడు సూరత్ పోయాడన్నాడు. కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తడం మానేశాడు. ఐదో రోజు ఆమె ఇంట్లో వదిలి వచ్చిన పిల్లలు ఏడుస్తున్నారని ఫోన్ వచ్చింది. సికింద్రాబాద్‌లో రైలెక్కించారు. కిటికీ పక్కన కూర్చుని, రైలు కదిలేదాకా ఆమె ప్లాట్‌ఫారం మీద పోయే ప్రతి మగవాడినీ చూస్తూనే ఉంది.

నాగేశ్వర్ స్టేషన్ పని మానుకున్నాడు. కొమురయ్య రెండుసార్లు పిలిచి చూసి ఊరుకున్నాడు. ఇప్పుడు కానిస్టేబుళ్లే ఫోన్లతో తీసుకుంటున్నారు. అతను అన్న దుకాణంలో కూర్చుని పప్పులు పొట్లం కడుతున్నాడు. వినేవాళ్లకు తిక్కగా అనిపిస్తుంది గానీ, దుకాణానికి వచ్చే బిహార్ కూలీలు చిల్లర కోసం చేయి చాపితే, ముంజేతి మీద రాసుకున్న పేర్లన్నీ చదువుతాడు. ఒకటికి రెండుసార్లు చదువుతాడు.

ఆమె నెలకోసారి ఫోన్ చేస్తుంది. కొత్తగా ఏమైనా తెలిసిందా అంటుంది. లేదంటాడు. మరిదిని సూరత్ పంపించిందట, దొరకలేదట. పిల్లల్ని బడిలో వేస్తే తండ్రి కాలమ్‌లో ఏం రాయాలని అడిగారట. ఒక్కసారి కూడా ఫోటో సంగతి ఎత్తలేదు.

మొన్న భాద్రపదంలో మధ్యాహ్నం పూట ఫోన్ వచ్చింది. వాళ్ల వైపు ఆడవాళ్లు మొగుడి ఆయుష్షు కోసం ఆ నెలలో ఒకరోజు పచ్చి గంగ కూడా ముట్టకుండా ఉపవాసం ఉంటారట.

"అత్తగారు ఉండమంటున్నారు. మా అన్న వద్దంటున్నాడు, ఉంటే జనం నవ్వుతారంటున్నాడు. మీరు చెప్పండి, ఉండనా, మాననా?"

దుకాణంలో ఎవరో పావుకిలో చక్కెర అడుగుతున్నారు. నాగేశ్వర్ ఫోన్ చెవికి అదిమి పట్టుకున్నాడు. అవతల ఆమె ఎదురుచూస్తోంది. వెనక ఎవరో పిల్లవాడు పాఠం గట్టిగా చదువుతున్నాడు.

"ఎప్పుడమ్మా అది?" అన్నాడు చివరికి.

"రేపే."

కొంతసేపు ఇద్దరూ ఫోన్లు పట్టుకునే ఉన్నారు. తర్వాత ఆమె, "సరే, ఉంటాను," అని పెట్టేసింది. ఉపవాసం ఉంటానందో, ఫోన్ పెట్టేస్తానందో అతనికి తెలియలేదు.